రాజమండ్రి పెళ్లికి వచ్చే చుట్టాలకు ఒక్క పూటలో ఏం చూపించాలి?

ముహూర్తం రాత్రికి ఉండి, పగలంతా ఖాళీగా ఉంటే పాపికొండల బోటు మాత్రం పెట్టుకోకండి. దానికి రోజంతా పడుతుంది, పెళ్లి టైముకి రాలేక టెన్షన్ పడాలి.

పొద్దున్నే పుష్కర ఘాట్‌లో గోదావరి చూపించి, పెసరట్టు ఉప్మా తినిపించండి. తర్వాత కారులో ధవళేశ్వరం. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ, పక్కనే కాటన్ మ్యూజియం చూడొచ్చు. డెల్టాకి అన్నం పెట్టిన చోటు కాబట్టి పిల్లలకు తప్పకుండా చూపించాలి.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే ఆత్రేయపురం. పూతరేకులు పెట్టెల్లో కొనేసుకోవడం కాదు, బోర్లించిన కుండ మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డ పరిచి లాగగానే పల్చటి రేకు రావడం దగ్గరుండి చూడాలి. నాకైతే బెల్లం పూతరేకులే ఇష్టం. ఊరెళ్లేవాళ్లకు అవే కట్టించండి.

కడియం నర్సరీలు మొక్కల పిచ్చి ఉన్నవాళ్లకే. తిరిగొచ్చాక ఎండకు చల్లటి రోజ్‌మిల్క్ తాగించండి. పులస చేప వానాకాలం వరదనీటిలోనే దొరుకుతుంది, మిగతా నెలల్లో ఎవరైనా పులస అంటే నమ్మకండి. మధ్యాహ్నం మూడింటికల్లా విడిదికి చేర్చేయండి.