రకరకాల దేశాల పాటలు ఏరి కూర్చిన వరల్డ్ మ్యూజిక్ కలెక్షన్ సీడీలోని పాట రేడియోలో వస్తే డబ్బు ఎవరికి?

అమెరికా ఎఫ్ఎంలో అయితే పాట రాసి, స్వరం కట్టినవాళ్లకీ వాళ్ల పాట హక్కులు చూసుకునే పబ్లిషర్‌కీ మాత్రమే వెళ్తుంది, పాడినవాళ్లకి గానీ సీడీ వేసిన కంపెనీకి గానీ పైసా రాదు.

కారణం, పాటకి ఒక హక్కు, దాని రికార్డింగ్‌కి ఇంకో హక్కు ఉంటాయి. అక్కడి చట్టం ఎఫ్ఎం స్టేషన్ల చేత మొదటిదానికే డబ్బు కట్టిస్తుంది (ఇది గాయకులకి నిజంగా అన్యాయమే). ఇంటర్నెట్ రేడియోకి మాత్రం రెండూ తప్పవు, రికార్డింగ్ వాటాలో సగం దాని హక్కుదారుకి, 45 శాతం ప్రధాన కళాకారులకి, 5 శాతం మిగతా వాద్యకారులకీ గాయకులకీ పోతుంది.

ఆఫ్రికా పడమటి తీరం దగ్గరి దీవుల దేశం కేప్ వెర్డీ గాయని సెజారియా ఎవోరాకి ప్రపంచమంతా పేరు తెచ్చిన ‘సొదాదే’ రాసింది అర్మాందో జెఫెరినో సోరెస్. అది అమెరికా ఎఫ్ఎంలో ఎన్నిసార్లు మోగినా ఆ గొంతుకి లెక్కలో చోటు లేదు.

ఇలాంటి కలెక్షన్లు వేసే పుటుమాయో లాంటి కంపెనీ సీడీ వేసింది కాబట్టి పాటలు దానివే అనుకుంటారు చాలామంది. కాదు, అవి ఎక్కువగా లైసెన్స్ మీద తెచ్చుకున్నవే. సీడీతో వచ్చే చిన్న పుస్తకంలో ఒక్కో పాట కింద సన్నటి అక్షరాల్లో అసలు కంపెనీ పేరు ఉంటుంది చూడండి.