దేవరకొండ ఇల్లు అమ్మి థాయ్‌లాండ్ పోవచ్చా?

ప్రశ్న: మేడం, నేను జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టర్‌గా చేసి పోయినేడు 61 నిండి రిటైరయ్యాను. మాది దేవరకొండ. పెన్షన్ నెలకు 61 వేలు చేతికొస్తుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి 38 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. టౌన్‌లో సొంతిల్లు, చింతపల్లి మండలంలో మూడెకరాల చెలక. కొడుకు డాలస్‌లో, బిడ్డ హైదరాబాద్‌లో. మా ఆవిడకు 58. షుగరు, మోకాళ్ల నొప్పులు. అమెరికా రెండుసార్లు పోయొచ్చినం, ఆ చలి ఆమెకు పడలేదు. ఇక్కడి ఎండాకాలమూ తట్టుకోలేకపోతోంది. థాయ్‌లాండ్, మలేషియా, శ్రీలంకల్లో రిటైరైనవాళ్లు తక్కువ ఖర్చుతో మంచిగ బతుకుతున్నారంటున్నారు. ఇల్లు అమ్మేసి అటు పోతే ఎట్లుంటుంది? ఏ దేశం మేలు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సార్, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఇల్లు మాత్రం ఇప్పుడు అమ్మొద్దు.

మీకొచ్చిన ఆలోచనే మాకూ వచ్చింది. నేను ముప్పై మూడేళ్లు బ్యాంకులో చేశాను, అందులో చివరి ఏడేళ్లు విదేశీ మారకం సీట్లో. నల్లగొండ రామగిరిలో ఇల్లు. పిల్లలు దూరంగా ఉన్నారు. 2024 నవంబర్‌లో నేనూ మా సారూ థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్‌లో ఎనభై అయిదు రోజులు ఉండి వచ్చాం. మన పాస్‌పోర్టుకు అప్పట్లో వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చేవారు. మనిషికి 1,900 బాట్ కడితే ఇంకో 30 రోజులు పొడిగించారు. తిరగడానికి కాదు, అక్కడ కాపురం చేయగలమా లేదా తేల్చుకోవడానికే పోయాం.

బాగుంది సార్. పొద్దున్నే స్వెటర్ వేసుకుని నడక, మధ్యాహ్నం మన దసరా నాటి ఎండ. సామాన్లతో సహా ఒక బెడ్రూం ఫ్లాట్ 13 వేల బాట్ కిరాయి. వరోరోత్ బజార్‌లో కూరగాయలు, పండ్లు, చింతపండు దండిగా దొరికేవి. ఎర్రరంగు సోంగ్‌తేవ్ బండ్లెక్కి ఊరంతా తిరిగేవాళ్లం. కందిపప్పు, కరివేపాకు కోసం ఇండియన్ దుకాణానికి పోవాలి. జొన్నపిండి మాత్రం ఎక్కడా దొరకలేదు. రొట్టె లేకుండా మూడు నెలలు గడపడం మా సారుకు నిజంగా కష్టమైంది. కిరాయి, తిండి, కరెంటు, ఫోన్, బండ్ల ఖర్చు అంతా కలిపి నెలకు ముప్పై వేల బాట్ దాకా అయ్యింది. అప్పుడు బాట్‌కు రెండున్నర రూపాయలు, అంటే 75 వేలు. ఆ తర్వాత బాట్ ఇంకా ప్రియమైంది.

చూశారా, నెల ఖర్చే మీ పెన్షన్ దాటింది. డాలర్ పెన్షన్ వచ్చేవాళ్లకు అది చవక దేశం. మన రూపాయి పెన్షన్‌కు దేవరకొండే చవక.

కిరాయి లెక్క కంటే ముందు గడప దాటే లెక్క చూడాలి. ఇన్నేళ్లు ఆ సీట్లో కూర్చుని నేను చూసిందేమంటే, మనవాళ్లు కిరాయి ఎంత, బియ్యం ఎంత అని అడుగుతారు గాని, ఏళ్ల తరబడి ఉండనివ్వడానికి ఆ దేశం ఏం చూపించమంటుందో అడగరు. థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసాకు 50 ఏళ్లు నిండాలి. బ్యాంకులో 8 లక్షల బాట్ ఉంచాలి, లేదా నెలకు 65 వేల బాట్ ఆదాయం చూపించాలి. మీ పెన్షన్ అందులో సగం కూడా కాదు, కాబట్టి మీకు మిగిలేది డిపాజిట్ దారి. రెండున్నర రూపాయల లెక్కనే చూసినా 20 లక్షలు అక్కడ పెట్టాలి. అంటే మీ డబ్బులో సగం పైన. ప్రతి 90 రోజులకూ ఎక్కడుంటున్నారో ఇమిగ్రేషన్‌కు తెలపాలి. భూమి మన పేరున కొనలేం. ఫ్లాట్ కొనొచ్చు గాని, ఒక్కో భవనంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకూడదు.

మలేషియా ‘సెకండ్ హోమ్’ పథకం 2024లో మారింది. అందులో ప్లాటినం, గోల్డ్‌ల కింది మెట్టు సిల్వర్. దానికే లక్షా 50 వేల డాలర్ల డిపాజిట్, అంటే కోటి పాతిక లక్షల పైమాట. అది చాలదన్నట్టు కనీసం 6 లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి. ఇవన్నీ చేస్తే ఇచ్చేది అయిదేళ్ల వీసా. మీకూ నాకూ అందేది కాదు. శ్రీలంక ‘మై డ్రీమ్ హోమ్’ వీసాకు 55 దాటితే చాలు, డిపాజిట్ 15 వేల డాలర్లే. ఇది మాత్రం మీకు అందుతుంది. అయితే దాని కింద ఇంకో షరతుంది: బయటినుంచి నెలనెలా మీకు 1,500, మీ ఆవిడకు 750 డాలర్లు తెప్పించుకోవాలి. రెండూ కలిపితే దగ్గర దగ్గర రెండు లక్షల రూపాయలు. పెన్షన్ 61 వేలు పోను మిగతాది ఎక్కడినుంచి తెస్తారు? కొడుకు పంపాలి. ఏడాది పంపుతాడు, రెండేళ్లు పంపుతాడు. తన ఉద్యోగం ఊగిసలాడిన రోజున మీ వీసా కూడా ఊగుతుంది.

ఇక దవాఖాన. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డిసెంబర్ ఆఖరు వారంలో మా సారు స్నానాల గదిలో జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. రాత్రి పదిన్నర. అక్కడి ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టర్లు మంచివాళ్లే, శుభ్రతకు వంక పెట్టలేను. అయితే బిల్లుకు పూచీ ఎవరో తేలేదాకా ఆపరేషన్‌కు తీసుకోలేదు. నర్సుకు ఇంగ్లీషు రాదు, నాకు థాయ్ రాదు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని ఆయనకు షుగరుందని, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారని నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి మా సారే ఎడమచేత్తో మాత్రల డబ్బీ తీసి చూపించారు. ప్లేటు వేసి రెండు రోజులు ఉంచుకున్నందుకు బిల్లు లక్షా 62 వేల బాట్, నాలుగు లక్షల రూపాయల పైన. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు షుగరు, బీపీ దాచకుండా రాశాం గనుక కంపెనీ కట్టింది, అదీ ముప్పై గంటలు ఫోన్లు చేయించుకున్నాక. ఆ ముప్పై గంటలూ ఆయన విరిగిన చేతితో మంచం మీద ఉన్నారు. నల్లగొండలో అయితే మా మరిది వచ్చి నిలబడేవాడు, ఎదురింటి కోడలు అన్నం తెచ్చేది.

అందుకే అడుగుతున్నా. మీ ఆవిడకు షుగరు. ఇక్కడి ఉద్యోగుల ఆరోగ్య పథకం అక్కడ పనికిరాదు. రేపు 70 నిండాక వచ్చే ఆయుష్మాన్ కార్డు కూడా మన దేశంలోనే. థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసాల్లో ఓ-ఏ అనే రకానికి ఆరోగ్య బీమా తప్పనిసరి. అరవై దగ్గరపడి, షుగరున్న మనిషికి ఆ ప్రీమియం ఎంత పడుతుందో, ఏయే జబ్బులు తీసేస్తారో ముందు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇంకొకటి అడగక తప్పదు, మనసు నొప్పించుకోకండి. మీ ఇద్దరిలో ఒకరు ముందు పోతే? మీరే ముందైతే మీ ఆవిడకు వచ్చేది ఫ్యామిలీ పెన్షన్, అది కొన్నేళ్లకైనా మీ పెన్షన్ కంటే తగ్గుతుంది. మీ వీసా మీద ఆధారపడి ఉన్న ఆమె వీసా ఆగిపోతుంది. తన పేరున కొత్తగా డిపాజిట్ చూపించాలి. భాష రాని ఊళ్లో ఒంటరి ఆడమనిషి మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయం కాగితాలు పట్టుకుని తిరగాలి. ఆ రోజు ఆమె తిరిగొచ్చి తాళం తీయడానికి దేవరకొండలో ఒక తలుపు ఉండాలి. ఇల్లు అమ్మొద్దన్నది అందుకే. ఈ మాట మీ ఆవిడతో కూర్చుని మాట్లాడారా? ఉత్తరంలో ఆమె జబ్బులు రాశారు గాని, పోవాలని ఆమెకు ఉందో లేదో రాయలేదు.

చెలక గురించి భయం వద్దు. విదేశంలో స్థిరపడినా ఉన్న పొలం మీదే. కొత్తగా వ్యవసాయ భూమి మాత్రం కొనలేరు. అమ్మాలనుకుంటే ఇక్కడ నివసించే మనవాళ్లకే అమ్మాలి. పెన్షన్ ఆగదు, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే చాలు. అక్కడి మన రాయబార కార్యాలయంలో సంతకం చేయించుకోవచ్చు. పూర్తిగా వెళ్లిపోతే సేవింగ్స్ ఖాతాను విదేశాల్లో ఉండేవాళ్ల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలి. థాయ్‌లాండ్‌లో ఏడాదిలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను లెక్కలోకి కూడా వస్తారు.

మరి మీ ఆవిడకు ఎండ పడదు కదా? దానికి దేశం మారనక్కర్లేదు, రెండు నెలలు మారితే చాలు. శ్రీలంకలో నువర ఎలియ ఉంది, సముద్ర మట్టానికి 1,800 మీటర్ల పైన, చుట్టూ తేయాకు తోటలు. మలేషియాలో కామెరాన్ హైలాండ్స్ అలాంటిదే. రెండుచోట్లా తమిళులున్నారు, గుళ్లున్నాయి, సాంబారన్నానికి లోటు లేదు. అయితే మోకాళ్ల నొప్పికి చలి, తేమ పడతాయో లేదో చూసుకోవాలి. పడకపోతే నువర ఎలియ కంటే కింద, వెచ్చగా ఉండే క్యాండీ నయం. టూరిస్టు వీసా మీద ఏప్రిల్‌లో ఒక నెల కిరాయికి ఉండి చూడండి.

అప్పటికీ థాయ్‌లాండ్ మీదే మనసుంటే చియాంగ్ మాయ్‌కి మార్చిలో పొండి. మేం చేసిన పొరపాటు నవంబర్‌లో పోవడం, అది అన్నిటికంటే మంచి కాలం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొండల్లో, పొలాల్లో తగలబెట్టిన పొగ ఊరిని కమ్మేస్తుంది. మా ఫ్లాట్ కింద అంతస్తులో పదేళ్లుగా ఉంటున్న ఒక పెద్దాయన ఆ మూడు నెలలూ ఊరొదిలి పోతానని చెప్పాడు. ఏ ఊరైనా దాని చెడ్డ నెలలో చూసి నిర్ణయించుకోవాలి. కొత్తగా దేవరకొండ వచ్చేవాళ్లకు మే నెల చూడమని చెప్పమా?

ప్రశ్న: బయటి దేశానికి 15 లక్షలు పంపితే 20 శాతం కోస్తారని బ్యాంకులో చెప్పారు. మూడు లక్షలు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: మూడు కాదమ్మా, లక్ష. అదీ పోదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా ఏమీ కోయరు. అంతకు ముందు ఆ హద్దు 7 లక్షలు. మీరు పంపేదాంట్లో 10 దాటిన 5 లక్షల మీదే 20 శాతం. ముందుగా పట్టుకునే ఆ పన్ను (టీసీఎస్) మీ పాన్ మీద జమవుతుంది, రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో సర్దుకుంటారు, మిగిలితే వాపసు వస్తుంది. అన్ని నెలలు చేతిలో ఉండదు, ఇబ్బంది అదే. ఈ హద్దు మనిషికి విడివిడిగా ఉంటుంది. మీవారికీ సొంత ఆదాయం, పాన్ ఉంటే ఆయన డబ్బు ఆయన ఖాతా నుంచి పంపండి. చదువుకో వైద్యానికో అయితే రేటు వేరు, ఫారంలో కారణం సరిగ్గా రాయండి.

ప్రశ్న: మారిషస్‌లో తెలుగువాళ్లు ఉంటారట కదా. మాట్లాడే మనుషులుంటే అక్కడ ఉండిపోవచ్చా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: ఉన్నారు. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి ఓడలెక్కిన మనవాళ్ల వారసులు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. బడుల్లో తెలుగు చెప్తారు, గుళ్లున్నాయి. వీధిలో, ఇంట్లో మాత్రం ఎక్కువగా వినిపించేది క్రియోల్, ఫ్రెంచ్. గద్వాల యాసలో కష్టసుఖాలు చెప్పుకునే మనిషి దొరుకుతాడని అనుకోకండి. 50 దాటినవాళ్లకు రిటైర్మెంట్ పర్మిట్ ఉంది గాని, దానికీ ఏటా డాలర్లు తెప్పించుకోవాలి, సరుకులు కూడా ప్రియమే. ముందు టూరిస్టుగా పోయి రండి. ఉగాది పడేటట్టు టికెట్ తీసుకోండి, ఆ రోజు అక్కడ ప్రభుత్వ సెలవు. గుడికి వచ్చిన పెద్దవాళ్లను పలకరించి చూడండి.