అమ్మ స్కాన్‌లో తెల్ల మచ్చలు: మా బాపుకు జరిగింది చెప్తాను

అన్నా, తలనొప్పికని తీయించిన ఎంఆర్ఐలో మీ అమ్మకు మెదడులో తెల్ల మచ్చలున్నాయని రాశారు, ఆమెకు 66 ఏళ్లు, మతిమరుపు వస్తుందా, పక్షవాతం వస్తుందా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మా బాపుకు (నాన్నకు) ఇదే రిపోర్టు వచ్చింది కాబట్టి రాస్తున్నా.

మాది పరకాల దగ్గర ఊరు. 2024 ఫిబ్రవరిలో మేడారం పోయినప్పుడు మొదటి అనుమానం వచ్చింది. ప్రతి జాతరకు గద్దెల దాకా మా అందరికంటే ముందు నడిచే మనిషి, ఆసారి బెల్లం మూట నా చేతికిచ్చి వెనకబడ్డాడు. అడుగులు చిన్నవైపోయాయి, పాదాలు నేలకు రాసుకుంటున్నాయి. మోకాళ్ల నొప్పులనుకున్నాం. తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం, కూలీల లెక్క చూడటానికి చాలాసేపు పట్టడం మొదలయ్యాయి. పేర్లు, పాత సంగతులు మాత్రం అన్నీ గుర్తే. అందుకే మెదడు మీదికి మా ఆలోచన పోలేదు. వానాకాలంలో వాకిట్లో పడిపోతే హన్మకొండలో స్కాన్ తీయించాం. ‘ఫజెకాస్ గ్రేడ్ 2’ అని వచ్చింది, తెల్ల మచ్చలు ఎంతున్నాయో చెప్పే కొలత అది. అక్కడ ఒకతను "మెదడు ఎండిపోతున్నది" అన్నాడు. ఆ మాటకు మా అవ్వ (అమ్మ) రెండు రోజులు అన్నం ముట్టలేదు. అది నిజం కాదు.

నరాల డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. మెదడు లోపలికి రక్తం వెంట్రుకల్లాంటి నాళాల్లో పోతుంది. ఎస్సారెస్పీ కాలువ పూడితే ముందు నీళ్లు అందనిది చివరి ఆయకట్టుకే కదా, ఇదీ అంతే. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే ఆ నాళాల గోడలు మందమై, చివరనున్న చోటు దెబ్బతిని స్కాన్‌లో తెల్లగా కనబడుతుంది. షుగర్, పొగతాగడం కూడా కారణాలే. ఫజెకాస్ 0 నుంచి 3 వరకు ఉంటుంది. 1 అంటే చుక్కలు, 2 అంటే అవి కలవడం మొదలైనట్టు, 3 అంటే బాగా కలిసిపోయినట్టు. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 60 నుంచి 90 ఏళ్ల 1,077 మందికి స్కాన్ తీస్తే, ఏ మచ్చా లేనివారు 5 శాతమే. కాబట్టి ఒకటి రెండు చుక్కలకు టెన్షన్ పడొద్దు. మైగ్రేన్ ఉన్నవారికీ ఇవి కనబడతాయి, ఆ సంగతి డాక్టర్‌ని అడగండి. మచ్చలు ఎక్కువుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పక్షవాతం ముప్పు సుమారు మూడింతలు, మతిమరుపు జబ్బు ముప్పు దాదాపు రెండింతలని 2010లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు.

మా తప్పు ఎక్కడ జరిగిందో ఇంటికొచ్చాక తెలిసింది. అలమరలో బీపీ గోలీల పట్టీలు తెరవకుండా దొరికాయి. దవాఖానలో నెలనెలా ఉచితంగా ఇస్తున్నవే. తల తిరిగితేనే వేసుకునేవాడట. బీపీకి చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదని మేమెవరమూ ఆయనకు చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అమెరికాలో స్ప్రింట్ అని పెద్ద పరిశోధన చేశారు, అందులో షుగర్ ఉన్నవారు లేరు. పైబీపీని (బీపీలో పై అంకెను) 120 లోపు ఉంచాలని చూసినవారిలో, 140 లోపు ఉంచినవారికంటే మచ్చలు తక్కువ పెరిగాయని 2019లో తేలింది. ఎవరికి ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. ముసలివాళ్లకు మరీ తగ్గితే లేచి నిలబడగానే పడిపోతారు.

ఇప్పుడు గోలీలు అవ్వ చేతి మీదుగానే. బీడీ మానేశాడు, ఉప్పు ఎక్కువని తొక్కు పచ్చళ్లు తగ్గించాం, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాం. పొద్దున నాతో నడుస్తాడు. మచ్చలు పోలేదు, మామూలుగా పోవు కూడా. మళ్లీ పడలేదు.

మీరు ముందు అమ్మ బీపీ ఒక వారం రోజులు పొద్దున, సాయంత్రం రాసిపెట్టండి. అడుగులు చిన్నవయ్యాయా, పాదాలు నేలకు రాసుకుంటున్నాయా అని ఆమె నడుస్తుంటే వెనక నుంచి చూడండి. రక్తం పలచబడే గోలీలు ఎవరో చెప్పారని సొంతంగా మొదలుపెట్టొద్దు, పక్షవాతం రానివారికి ఈ మచ్చల కోసమే అవి ఇవ్వరు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అరగంట కూడా ఆగకుండా సీటీ స్కాన్ ఉన్న పెద్ద దవాఖానకు తీసుకుపోండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.