గూడ్స్ యార్డులోంచి దారి: జోన్ కాదు, తేదీలు చూడండి

ప్రశ్న: మా నాన్న 1988లో పాత రైల్వే గూడ్స్ షెడ్ యార్డును ఆనుకుని స్థలం కొని ఇల్లు కట్టారు. అప్పటి నుంచి పెరటి గేటు తీసుకుని యార్డులోంచే తిరుగుతున్నాం. ముందువైపు ఆరడుగుల సందే ఉంది. యార్డు మూతపడ్డాక స్థలాన్ని షాపింగ్ కాంప్లెక్స్‌కు లీజుకిచ్చి, పది నెలల కింద కంచె వేశారు. మంచం పట్టిన అమ్మను సందు చివరి దాకా మోసుకెళ్తున్నాం. మాస్టర్ ప్లాన్‌లో అది రైల్వే జోన్, అంటే రైల్వే అవసరాలకు కేటాయించిన స్థలం. కాంప్లెక్స్ ఆపించవచ్చా? రాత్రికి కంచె కోసి రేకుల షెడ్డు వేస్తే హక్కు వస్తుందని ఒకాయన అంటున్నారు.

జవాబు: జోన్ మీద దావా వేస్తే ఓడిపోతారు. రైల్వే స్థలాన్ని వాణిజ్య అవసరాలకు అభివృద్ధి చేసే అధికారం 2005 సవరణతో రైల్వే చట్టం 11వ సెక్షన్‌లో చేరింది. ఇతర చట్టాల్లో ఏమున్నా సరే అంటూ మొదలయ్యే సెక్షన్ అది, కాబట్టి మాస్టర్ ప్లాన్ జోన్ దానికి అడ్డు రాదు. జోన్ మార్పు నోటిఫికేషన్ వస్తే గడువులోగా అభ్యంతరం ఇవ్వండి, అంతే.

మీకు మిగిలింది దారి హక్కు. ప్రభుత్వ స్థలం మీద అది రావాలంటే 30 ఏళ్లు బహిరంగంగా, హక్కుగా, ఆటంకం లేకుండా నడిచి ఉండాలి. లెక్కకు మీకు అన్నేళ్లు ఉన్నాయి. కానీ ఆటంకం తెలిసి కూడా ఏడాది ఊరుకుంటే ఆ లెక్క తెగిపోతుంది. మీకున్నది రెండు నెలలే. ఈ పది నెలల్లో ఒక్క కాగితమైనా రాయకపోవడం పెద్ద తప్పు. ఈరోజే రైల్వే డివిజనల్ మేనేజర్‌కు అభ్యంతరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువు దాచండి.

రైల్వే మీద దావాకు జనరల్ మేనేజర్‌కు రెండు నెలల ముందు నోటీసివ్వాలి. అంత ఆగితే ఏడాది నిండిపోతుంది. కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80(2) కింద, అత్యవసరమని కోర్టు అనుమతి తీసుకుని నోటీసు లేకుండానే దావా వేయించండి. అందులోనే అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే స్థలం చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే వకీలును, వేయమని అడగండి. బుల్డోజర్ చదును చేసేలోపు మీ గేటు, నడిచి అరిగిన బాట రికార్డు కావాలి.

ఇంటి పన్ను రసీదులు ఇల్లుందని చెబుతాయి, దారి సంగతి చెప్పవు. 1988 దస్తావేజులో యార్డు వైపు హద్దు ఏమని రాశారు? ‘రైల్వే స్థలం’ అనా, ‘బాట’ అనా? మున్సిపాలిటీ ఆమోదించిన ఇంటి ప్లాన్‌లో పెరటి గేటు గీసి ఉందా? లారీలు తిరిగే రోజుల్లో అందర్నీ నడవనిచ్చాం, అది అనుమతేనని రైల్వే వాదిస్తుంది. దానికి జవాబు ఈ కాగితాలు, పాత ఫొటోలు, ఇరుగుపొరుగు సాక్ష్యం.

కంచె జోలికి పోవద్దు. రైల్వే స్థలంలో అక్రమంగా చొరబడడం నేరం. షెడ్డు వేసినంత మాత్రాన హక్కు రాదు, 1971 పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద ఖాళీ చేయిస్తారు. పైగా చట్టాన్ని చేతిలోకి తీసుకున్నవారికి ఇంజంక్షన్ (అవతలివారిని ఆపే కోర్టు ఉత్తర్వు) ఇవ్వడానికి జడ్జి వెనకాడతారు.

నాన్నగారి కాగితాల్లో వే లీవ్ (రైల్వే స్థలంలోంచి దారికి రైల్వే ఇచ్చే అనుమతి) ఫీజు కట్టిన రసీదు ఏమైనా ఉందేమో వెతకండి. ఉంటే దాచకుండా ముందు మీ వకీలుకు చూపించండి. ఫీజు కట్టి నడిచారంటే అది అనుమతే, హక్కు కాదు. అప్పుడు దావా వదిలి, డివిజనల్ ఆఫీసులో మళ్లీ వే లీవ్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి.