బంతి అందక ముందు అతనేం చేస్తున్నాడు?

చిరంజీవి అమ్మాయికి,

అమెరికన్ ఫుట్‌బాల్‌లో, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నుంచి బంతి తీసుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ మీద నువ్వు రాసిన వ్యాసం మూడుసార్లు చదివాను. రెండో పేజీలో "ఎవరూ ఖాళీగా దొరక్కపోతే క్వార్టర్‌బ్యాక్ గతిలేక రన్నింగ్ బ్యాక్‌కు బంతి విసురుతాడు" అని రాశావు. ఆ "గతిలేక" దగ్గర కాగితాలు పక్కన పడేసి లేచిపోయాను. నువ్వడిగిన ఏడు ప్రశ్నలకూ వరసగా జవాబు రాద్దామని కూర్చున్నవాణ్ణి, ఈ ఒక్క మాట పట్టుకునే రాస్తున్నాను.

2017 ఫిబ్రవరి 5, హ్యూస్టన్. లీగ్ ఫైనల్ అయిన ఆ సూపర్ బౌల్ గురించి నువ్వే రాశావు: న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అట్లాంటా మీద 28-3తో వెనకబడి, చివరికి 34-28తో గెలిచారు, వాళ్ల రన్నింగ్ బ్యాక్ జేమ్స్ వైట్ 14 పాసులు పట్టి 110 గజాలు సాధించాడు, ఒక్కడే 20 పాయింట్లు చేశాడు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే ఒక మనిషికి ఒకే మ్యాచ్‌లో పద్నాలుగుసార్లు గతిలేకే బంతి వేస్తారా తల్లీ? అతని మీద కాపలా ఉన్న లైన్‌బ్యాకర్, అంటే అడ్డుకునే జట్టులో మధ్య వరసవాడు, వైట్ కంటే బరువైనవాడు, మలుపులో వెనకబడేవాడు. ఆ తేడా కోసమే క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ అతన్ని వెతుక్కున్నాడు.

అదే మ్యాచ్‌లో నువ్వు వదిలేసిన ముక్క ఒకటుంది. నాలుగో క్వార్టర్‌లో ఇంకా 8 నిమిషాల 31 సెకన్లు మిగిలున్నాయి. అట్లాంటా 28-12తో ముందుంది. మూడో డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఒక్క గజం కావాలి. అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ర్యాన్ పాస్‌కు వెనక్కి జరిగాడు. న్యూ ఇంగ్లండ్ లైన్‌బ్యాకర్ హైటవర్ దూసుకొచ్చాడు. అతన్ని ఆపాల్సింది అట్లాంటా రన్నింగ్ బ్యాక్ డెవాంటా ఫ్రీమన్. ఆలస్యంగా చూశాడు, అందుకోలేకపోయాడు. ర్యాన్ చేతిలోంచి బంతి జారింది, పేట్రియట్స్ దొరకబుచ్చుకున్నారు. కాసేపటికే 28-20. ఆ రోజు అట్లాంటా మొదటి టచ్‌డౌన్ చేసింది కూడా ఈ ఫ్రీమనే. ఒక జట్టు బ్యాక్ పద్నాలుగు పాసులు పట్టాడు, ఇంకో జట్టు బ్యాక్ ఒక్క అడ్డు తప్పాడు. పాసింగ్‌లో రన్నింగ్ బ్యాక్ పని ఏమిటో ఆ ఒక్క సాయంత్రం చెబుతుంది. నీ వ్యాసంలో అందులో సగమే ఉంది.

బంతి స్నాప్ అయిన క్షణం నుంచి, అంటే ఆట మొదలుపెడుతూ క్వార్టర్‌బ్యాక్‌కు వెనక్కి అందించినప్పటి నుంచి, అతను ఏం చేస్తాడో నిదానంగా రాయి. ముందు అతని కళ్లు లైన్‌బ్యాకర్ మీద ఉంటాయి. వాడు బ్లిట్జ్‌కు, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడానికి, వస్తే ఎదురెళ్లి ఛాతీతో ఆపాలి, తనకంటే పది పదిహేను కిలోలు ఎక్కువున్నా సరే. రాకపోతే లైన్ సందులోంచి జారుకుని బయటపడాలి. ఈ తేల్చుకోవడానికి ఉన్న సమయం ఒక సెకను. ఈలోగా పాసులు పట్టే రిసీవర్లు లోతుకు పరుగెత్తి డిఫెన్స్‌ను వెనక్కి లాక్కెళతారు, వాళ్ల వెంట లైన్‌బ్యాకర్లు కూడా నాలుగడుగులు వెనక్కి వేస్తారు. వాళ్లు వదిలిన చోటు ఖాళీ. బ్యాక్ ఆ ఖాళీలోకే వెళ్లి నిలబడతాడు. నువ్వు గతిలేని పాస్ అన్నది దాన్నే. అది దొరికిన జాగా కాదమ్మా, మిగతా పదిమంది కష్టపడి చేసిపెట్టిన జాగా.

ఇంకా ఉంది. అతన్ని ఒక్కోసారి రిసీవర్‌లాగా పక్కగీత దగ్గర నిలబెడతారు. వెంట లైన్‌బ్యాకర్ వచ్చాడంటే అవతలివాళ్లు మనిషికి మనిషి కాస్తున్నారని క్వార్టర్‌బ్యాక్‌కు చాలావరకు తెలిసిపోతుంది. రిసీవర్లను కాసే కార్నర్ అక్కడే ఉండిపోయి, లైన్‌బ్యాకర్ మధ్యలోనే నిలబడితే జోన్, అంటే మనిషిని కాక చోటును కాస్తున్నారు అనుకోవచ్చు. బంతి ముట్టకుండానే అవతలివాళ్ల గుట్టు బయటపెట్టాడన్నమాట. ఇలాంటిది ఒక్కటైనా నీ ఎనిమిది పేజీల్లో ఉందేమోనని వెతికాను.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. 1985లో నేను కాలిఫోర్నియాలో సన్నీవేల్‌లో ఇంకో ముగ్గురు తెలుగు కుర్రాళ్లతో ఒకే గదిలో ఉండేవాణ్ణి. ఆఫీసులో ఎవరో వెళ్లలేక ఇచ్చేసిన టికెట్ మీద, అప్పట్లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఆడే కాండిల్‌స్టిక్ పార్క్ స్టేడియానికి వెళ్లాను. పై అంతస్తులో చివరి వరస, ఎముకలు కొరికే గాలి. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది. అంత ఎత్తు నుంచి మాత్రం ఇరవై రెండు మందీ ఒకేసారి కనిపిస్తారు. 33వ నంబరు చొక్కా రన్నింగ్ బ్యాక్ రోజర్ క్రెయిగ్ ఒకణ్ణి భుజంతో గుద్ది ఆపి, వాణ్ణి వదిలేసి, పక్కకు జారి చేతులు చాచడం చూశాను. తర్వాత మోకాళ్లు ఛాతీదాకా లేపుతూ పరుగు. నెబ్రాస్కా కాలేజీలో అతనికి పాసులు వచ్చింది అరుదు. అలాంటివాడు ఆ ఏడాది 92 పాసులు పట్టాడు. పరుగులో 1,050 గజాలు, పాసుల్లో 1,016. ఒకే సీజన్‌లో రెండూ వెయ్యి దాటించిన మొదటివాడు అతనే. వెనక కోచ్ బిల్ వాల్ష్ ఆలోచన ఉంది. 1970లో సిన్సినాటిలో వాల్ష్‌కు దొరికిన క్వార్టర్‌బ్యాక్ వర్జిల్ కార్టర్‌ది గురి ఉన్న చెయ్యి, దూరం వెయ్యలేని చెయ్యి. అందుకని లోతుకు బదులు మైదానం 53 గజాల పైచిలుకు వెడల్పును వాడుకున్నాడు. పొట్టి పాసులు, పక్క పాసులు, బ్యాక్‌లకు పాసులు. లేమిలోంచి పుట్టిన పద్ధతి అది. నీ "గతిలేక" అనే మాటకు చోటంటూ ఉంటే అక్కడుంది, క్రెయిగ్ దగ్గర లేదు.

ఆ రాత్రే ఆరు పేజీలు రాసి హైదరాబాదులో ఒక వారపత్రికకు ఎయిర్‌మెయిల్‌లో పంపాను. నాలుగు నెలలకు ముప్పావు పేజీ అచ్చయింది. అందులో క్రెయిగ్ లేడు. విరామంలో ఆడపిల్లల నాట్యం ఉంది, సీట్ల ధరలున్నాయి. "బ్లాకింగ్ గొడవ మన పాఠకులకు ఎక్కదు, తీసేశాను" అని సంపాదకులు కార్డు రాశారు. నలభై ఏళ్లయినా ఆ కార్డు గుర్తొస్తే నాకిప్పటికీ కోపమే. పొలంలో నీళ్లు మళ్లించడానికి ఏ గట్టు ఎప్పుడు తెంపాలో తెలిసిన పాఠకుడికి, ఒక బ్యాక్ ఎటు అడుగేస్తే ఎవడు మోసపోతాడో ఎందుకు ఎక్కదు? ఇప్పటివాళ్లది ఇంకో జబ్బు. ఫ్యాంటసీ లీగుల పుణ్యమా అని అంకెలు తప్ప ఏమీ అడగరు. రన్నింగ్ బ్యాక్ మెకాఫ్రీ 2019లో 116 పాసులు పట్టాడని నువ్వు మూడుచోట్ల రాశావు. ఒక్కచోట ఉంచి, వాటిలో ఒక్క పాస్ ఎలా పట్టాడో చెప్పు.

యార్డులను గజాలన్నావు, బాగుంది. ఇంటి స్థలం గజాల్లో కొనేవాళ్లకు ఆ మాట కొలతతో సహా తెలుసు. కానీ రన్నింగ్ బ్యాక్‌ను "పరుగు వెనుకదారు" అన్నావు. తీసెయ్యి. డాలస్‌లో పిల్లాణ్ణి ప్రాక్టీసుకు దింపే తెలుగు తల్లి కూడా రన్నింగ్ బ్యాక్ అనే అంటుంది. క్రికెట్ పోలికలు ఐదున్నాయి, అన్నీ కొట్టేశాను. ఈ ఆట గురించి రాయడానికి ఇంకో ఆట అనుమతి అక్కర్లేదు.

ఏ పత్రికకు పంపాలన్నదీ, కలం పేరు సంగతీ తర్వాత చూద్దాం. 2017 మ్యాచ్ రికార్డింగ్ నీకు పంపిస్తున్నాను. నాలుగో క్వార్టర్‌లో 8:31 దగ్గర ఆపు. ర్యాన్‌ను చూడకుండా ఫ్రీమన్ పాదాలనే పదిసార్లు చూసి, ఆ ఒక్క సెకను మీద ఒక పేజీ రాసి పంపు. సంక్రాంతిలోగా వస్తే పండక్కి మా అబ్బాయి వాళ్లింటికి వెళ్లేముందు చదివేస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు