కవరు ముందు, కార్డు తర్వాత

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు క్రిస్మస్ కార్డుల మీదే. కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఆపి, వీటికే చోటిచ్చాం.

ప్రశ్న: మా సండేస్కూలు పిల్లలతో 60 కార్డులు చేయించాలి. ఎంత కాగితం కొనాలి? కిందటేడు ముదురు ఎరుపు కార్డు కొంటే, మడత పెట్టిన చోటల్లా పగిలి తెల్లగా కనిపించింది. కారణం ఏమిటి?
*– ఓ టీచరు, భీమవరం*

కాగితం కంటే ముందు కవర్లు కొనండి. కార్డులన్నీ చేసేసి, వాటికి పట్టే కవరు కోసం బజారంతా తిరిగేవాళ్ళు ఏటా ఉంటారు. చివరికి దొరికిన కవరులోకి దూర్చడానికి కార్డు అంచులు కత్తిరిస్తారు, పిల్లలు వేసిన నక్షత్రానికి ఒక కొన పోతుంది. 114×162 మి.మీ. కవరు తీసుకుంటే లెక్క తేలిక. ఏ4 షీటును పొడవు మధ్యలో అడ్డంగా కోస్తే రెండు ముక్కలు. ఒక్కో ముక్కను సగానికి మడిస్తే 105×148 మి.మీ. కార్డు. అది ఆ కవరులో హాయిగా కూర్చుంటుంది. ఒక షీటుకు రెండు కార్డుల చొప్పున 60కి 30 షీట్లు చాలు, కానీ పిల్లల చేతులు కాబట్టి 35 తీసుకోండి. కవర్లు 70 ఉండాలి, చిరునామా తప్పు రాసేవాళ్ళు పెద్దల్లోనూ ఉంటారు. షాపులో కవర్ల కొలత అంగుళాల్లో చెప్తారు, ఆ మాట మీద పోకుండా స్కేలుతో మీరే కొలవండి. వేరే సైజు కవరే దొరికితే, దాని పొడవులోనూ వెడల్పులోనూ 6 మి.మీ. చొప్పున తగ్గించి కార్డు కోసుకోండి.

మందం 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క). అంతకు తక్కువైతే కార్డు నిలబెట్టగానే కాళ్ళు చాపుతుంది, ఎక్కువైతే పిల్లల చేత మడత పడదు.

ఇక పగుళ్ళ సంగతి. కలపకు ఉన్నట్టే కాగితానికీ నార ఒక దిక్కుకు ఉంటుంది. ప్రెస్సువాళ్ళు దాన్ని గ్రెయిన్ అంటారు. నార వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది, నారకు అడ్డంగా మడిస్తే పోగులు తెగి పైపూత చిట్లుతుంది. పైన రంగు, లోపల తెలుపు ఉన్న కార్డైతే ఆ తెలుపే బయటపడుతుంది. మీకు జరిగింది ఇదే అయి ఉంటుంది. కొనేముందు షీటును రెండు చేతులతో పట్టుకుని, మడత పడనీయకుండా ముందు పొడవు వైపు, తర్వాత వెడల్పు వైపు మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగుతుందో, ఆ వంపు గీత వెంబడే నార ఉన్నట్టు. ఏ4కు నార పొడుగునా ఉంటే, పైన చెప్పిన సగం ముక్క కార్డుకు మడత నార వెంబడే పడుతుంది. అదే షీటును కోయకుండా సగానికి మడిచి పెద్ద కార్డు చేస్తే మడత నారకు అడ్డం పడుతుంది. అందుకే చిన్న కార్డు బాగా వచ్చిన కాగితమే పెద్ద కార్డుకు పగిలిపోతుంది.

మడతకు ముందు గాడి కొట్టాలి. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను, స్టీలు స్కేలు, కింద నాలుగైదు వరసల న్యూస్‌పేపరు చాలు. రెండు అంచుల దగ్గరా 105 మి.మీ. గుర్తు పెట్టి, స్కేలు ఆనించి, తేలికగా రెండుసార్లు గీయండి. ఒక్కసారే గట్టిగా గీస్తే పైపూత తెగుతుంది. గాడి కార్డు బయటివైపు ఉండాలి, వెనక లేచే గట్టు మడత లోపలికి పోవాలి. చాలామంది గాడిలోకే మడుస్తారు, అది తిరగబడిన పద్ధతి. మడిచాక పైన తెల్లకాగితం వేసి చెంచా వీపుతో ఒక్కసారి రుద్దండి. కాగితం లేకుండా రుద్దితే ఆ గీత మేర నిగనిగలాడుతూ కనిపిస్తుంది.

అలంకరణ చదునుగా ఉండనివ్వండి. క్రిస్మస్ తాత గడ్డానికి దూదిఉండలు, పూసలు అంటిస్తే పోస్టాఫీసులో ముద్ర పడేటప్పుడు అవి నలిగి కవరు చిరుగుతుంది. మెరుపుపొడి సగం కవరులోనే రాలుతుంది. తెల్లజిగురు దట్టంగా రాస్తే అందులోని నీటికి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. కాబట్టి పలచగా రాసి, రాత్రంతా లావు పుస్తకాల కింద ఉంచండి.

ప్రశ్న: కిందటేడు మిగిలిన 40 కవర్లు బీరువాలో వాటంతటవే అంటుకుపోయాయి. వాడుకోవచ్చా?
*– పాఠకురాలు, కాకినాడ*

సముద్రపు గాలిలోని తేమకు మూత అంచున ఉన్న ఎండుజిగురు కరిగింది. మరిగే నీళ్ళ ఆవిరికి ఒక్కో కవరును కొద్ది క్షణాలు పట్టి, మొద్దు చాకుతో విడదీయండి. ఆ జిగురు మళ్ళీ సరిగ్గా అంటదు, గ్లూస్టిక్ వాడాలి. ఈసారి దాచేటప్పుడు మూతలు తెరిచి ఒకదానిలో ఒకటి పడకుండా పేర్చి, జిప్ కవరులో పెట్టండి. స్టాంపులకూ ఇదే జాగ్రత్త.

ప్రశ్న: కుటుంబం ఫొటోతో 200 కార్డులు అచ్చు వేయించాం. నీలి ఆకాశం వంకాయరంగుకు తిరిగింది. బంగారు అక్షరాలు ఆవపిండిలా ఉన్నాయి. ‘క్రిస్మస్’లో ఒత్తులు విడిపోయాయి. లోపల పెన్నుతో రాస్తే చెరిగిపోతోంది. తప్పు మాదా, ప్రెస్సుదా?
*– పాఠకుడు, హైదరాబాదు*

కొంత అటూ కొంత ఇటూ. స్క్రీన్ మీది రంగు వెలుతురు, అచ్చులోది సిరా. ముదురు నీలంలో సయాన్ (లేత నీలి సిరా), మెజెంటా (గులాబీ ఎరుపు సిరా) సమానంగా ఉంటే అచ్చులో ఊదాకు తిరుగుతుంది. సయాన్ 100 శాతం ఉంటే మెజెంటాను 60, 70 దగ్గర ఆపమని డిజైనరుకు చెప్పండి. నాలుగు రంగుల అచ్చులో బంగారం అనేది లేదు, పసుపుకు కాస్త ఎరుపు, నలుపు కలిపి మభ్యపెట్టడమే. నిజంగా మెరవాలంటే ఫాయిల్ (పలచటి మెరుపు రేకు) వేయించాలి, దానికి బ్లాకు ఖర్చు వేరు. 200 కార్డులకు అది గిట్టుబాటు కాదని మా అభిప్రాయం. చక్కటి ముదురు ఎరుపు అక్షరాలు చాలు.

ఒత్తులు విడిపోవడం పాత జబ్బు. యూనికోడ్ తెలుగును ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో పెట్టినప్పుడు అందులోని వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ‘క్రి’ కాస్తా ‘క్’, ‘రి’ అయి కూర్చుంటుంది. సరిచేశాక అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే గీసిన బొమ్మలుగా మార్చిన పీడీఎఫ్ ఇమ్మనండి, ఇక ప్రెస్సు కంప్యూటరులో ఫాంటు లేకపోయినా చెదరదు. ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపే నమూనా) ఫోనులో చూసి ‘ఓకే’ అనేయకండి. ఒక కాపీ కాగితం మీద తీయించి, అక్షరం అక్షరం వేలుపెట్టి చదవండి. ఫొటో అచ్చయ్యే సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. కటింగ్ కోసం నాలుగు వైపులా 3 మి.మీ. బొమ్మ ఎక్కువ ఉంచాలి, లేకపోతే అంచున తెల్లగీత మిగులుతుంది.

పెన్ను ఎక్కకపోవడానికి కారణం లామినేషన్ రెండు వైపులా వేయడం, లేదా లోపల కూడా నున్నటి పూత ఉండటం. లామినేషన్ బయటివైపుకే చెప్పాలి. దానికీ ఒక ఇబ్బంది ఉంది. లోపలివైపు తేమ పీల్చుకుని సాగుతుంది, ప్లాస్టిక్ పొర సాగదు, అందుకని కార్డు లామినేషన్ వైపుకు వంగుతుంది. కార్డులు ఇంటికి రాగానే బరువు కింద పెట్టండి. ఉన్న 200లో జెల్ పెన్ను వద్దు, సీడీల మీద రాసే సన్నటి మార్కరుతో రాసి అరనిమిషం ఆరనివ్వండి.

ప్రశ్న: పూర్వం కవరు అంటించకుండా ‘బుక్‌పోస్ట్’ అని రాసి, లోపల అయిదు మాటలకు మించకుండా సంతకం పెట్టి తక్కువ స్టాంపుతో పంపేవాళ్ళం. ఇప్పుడు 5 రూపాయలు సరిపోతుందా?
*– రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు*

ఆ అయిదు మాటల లెక్క మరిచిపోండి. చేతితో నాలుగు ముక్కలు రాసి, కవరు అంటించి, ఉత్తరంగానే పంపండి. ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకూ, అందులో భాగానికీ మరో 5.

తూకం లెక్క ఇది. 300 జీఎస్ఎం ఏ4 షీటు దాదాపు 18.7 గ్రాములు, కాబట్టి సగం షీటు కార్డు 9.4. కవరు సుమారు 4. మొత్తం పదమూడున్నర, నిక్షేపంగా 5 రూపాయల్లో వెళ్తుంది. అందులో 6×4 అంగుళాల ఫొటో పెడితే మరో 4. అరఠావు ఉత్తరం పెడితే ఇంకో 2. అంటే 20 అంచుకు వచ్చినట్టే, డిసెంబరు చెమ్మకు కాగితం కాస్త బరువెక్కినా గీత దాటుతుంది. ఫొటో, ఉత్తరం రెండూ ఉంటే 10 రూపాయలు అంటించేయండి. తక్కువైతే ఆ లోటుకు మీ చుట్టాల దగ్గర డబ్బు వసూలు చేస్తారు, పండగపూట అదొక మాట. పెద్ద కార్డు, అంటే పూర్తి ఏ4 మడిచినదైతే, కార్డే 18.7 ఉంది కాబట్టి కవరుతో కలిపి ఎలాగూ 10 రూపాయలే.

ఇంకొకటి. 6×4 ఫొటో పొడవు 152 మి.మీ., కార్డు 148. నాలుగు మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. ఫొటో అంచు 6 మి.మీ. కోసి పెట్టండి.

రసీదు కావాలంటే స్పీడ్‌పోస్టే. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి అందులోనే కలిపేశారు.

ప్రశ్న: ఇక్కడి తెలుగు కుటుంబాలకు చతురస్రపు కార్డులు పంపితే కొన్ని తిరిగొచ్చాయి. మరికొన్నింటికి జిప్ కోడ్ తప్పని వచ్చింది. లిస్టులో సరిగానే ఎక్కించాం.
*– పాఠకురాలు, న్యూజెర్సీ*

అమెరికా పోస్టల్ యంత్రాలు పొడవు, ఎత్తుల నిష్పత్తి 1.3 నుంచి 2.5 మధ్య ఉన్న కవర్లనే మామూలు ఉత్తరంగా తీసుకుంటాయి. చతురస్రం నిష్పత్తి 1, కాబట్టి అదనపు రుసుము పడుతుంది. రిబ్బను ముడి, మైనపు ముద్ర ఉన్నవాటికీ అంతే. 5×7 అంగుళాల కార్డు దీర్ఘచతురస్రపు కవరులో పెడితే తగాదా లేదు.

జిప్ తప్పు ఎక్సెల్‌ది. న్యూజెర్సీ కోడ్‌లు సున్నాతో మొదలవుతాయి. ఎక్సెల్ వాటిని అంకెలనుకుని ముందున్న సున్నాను మింగేస్తుంది, 08817 కాస్తా 8817 అవుతుంది. ఆ వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చి, అప్పుడు ఎక్కించండి. మన పిన్‌కోడ్‌లలో ఏదీ సున్నాతో మొదలవదు కాబట్టి ఇక్కడివాళ్ళకు ఈ బాధ తెలియదు.

ప్రశ్న: విదేశాల్లో ఉన్న పిల్లలకు ఎప్పుడు పోస్టు చేయాలి? కార్డుతోపాటు చిన్న జరీ రుమాలు పెట్టొచ్చా?
*– పాఠకురాలు, ఖమ్మం*

నవంబరు ఆఖరి వారం దాటనివ్వకండి. ఇతర రాష్ట్రాలకు డిసెంబరు 8, మన రెండు రాష్ట్రాల్లో 12 లోపు వేస్తే నిశ్చింత. అమెరికాకు వేసేముందు కౌంటరులో ఒకమాట అడగండి. అక్కడి సుంకాల మార్పుల వల్ల 2025 ఆగస్టు చివర ఆగిన టపా అక్టోబరు మధ్యలో గానీ మళ్ళీ మొదలుకాలేదు. రుమాలు పెట్టిన మరుక్షణం అది ఉత్తరం కాదు, సరుకు. కస్టమ్స్ ఫారంలో వస్తువు పేరు, విలువ అన్నీ రాయాలి. కార్డును కార్డుగా పంపి, రుమాలు ఎవరైనా వెళ్ళేటప్పుడు ఇవ్వండి. చిరునామా ఇంగ్లీషులో, దేశం పేరు చివరి వరుసలో పెద్ద అక్షరాలతో.

ప్రశ్న: మా బాబాయిగారు ఆగస్టులో ప్రభువునందు నిద్రించారు. పిన్నిగారికి ఈ ఏడాది కార్డు పంపవచ్చా?
*– పాఠకుడు, నరసాపురం*

పంపండి. ఏటా వచ్చే కార్డు ఆ ఏడాదే రాకపోతే ఇంకా బాధ. కాకపోతే ‘హ్యాపీ’, ‘మెర్రీ’ లేనిది, మెరుపులు లేనిది ఎంచుకోండి. ఒక దీపం, లేదా ఉత్త తెల్ల కార్డు చాలు. చిరునామాలో పిన్నిగారి పేరే ఉండాలి. పాత లిస్టు నుంచి లేబుళ్ళు తీసేవాళ్ళు బాబాయిగారి పేరుతోనే పంపేసే ప్రమాదం ఉంది, ముందు అది సరిచూడండి. లోపల అచ్చు వాక్యం మీద సంతకం పెట్టి ఊరుకోవద్దు. బాబాయిగారిని పేరుపెట్టి తలుచుకుంటూ రెండు వాక్యాలు రాయండి, సమాధానము కోసం ప్రార్థిస్తున్నామని రాయండి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: క్రైస్తవేతర మిత్రులకు రాసే కార్డులో ‘సమాధానము’ అని రాస్తే, ఏ ప్రశ్నకు అని వాళ్ళు తికమకపడొచ్చు. అక్కడ ‘శాంతి’ అనండి.

ప్రశ్న: మొట్టమొదటి క్రిస్మస్ కార్డు ఎవరు చేశారు?
*– ఏడో తరగతి విద్యార్థిని, రాజమహేంద్రవరం*

అచ్చువేసి అమ్మిన మొదటి కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి చేయించాడు, జాన్ హార్స్‌లీ బొమ్మ వేశాడు. ధర ఒక షిల్లింగు. 1840లో బ్రిటన్‌లో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే ఉత్తరం వెళ్ళే ఏర్పాటు వచ్చింది, ఆ పనిలో కోల్ కూడా ఉన్నాడు. బొమ్మలో చిన్నపిల్ల చేత వైన్ తాగిస్తున్నారని అప్పట్లో కొందరు కోప్పడ్డారు కూడా.

ప్రశ్న: మాకు 120 పేర్లున్నాయి. ఎవరికి వేశామో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో గుర్తుండదు. ఆలస్యంగా వచ్చిన కార్డుకు జవాబు పంపడం బాగుంటుందా?
*– పాఠకురాలు, విశాఖపట్నం*

ఒక నోటుబుక్కులో పేరు, చిరునామా, పిన్‌కోడ్, ఆ పక్కన ఏడాదికి రెండు గడులు: ‘వేశాం’, ‘వచ్చింది’. వచ్చిన కార్డు కవరును పారేసేముందు వెనక ఉన్న చిరునామాతో లిస్టును సరిపోల్చండి, ఇల్లు మారిన సంగతి అక్కడే తెలుస్తుంది. మూడేళ్ళు వరసగా రెండో గడి ఖాళీగా ఉంటే, పేరు కొట్టేసేముందు ఫోను చేయండి. చాలాసార్లు తేలేది చిరునామా మారిందనే. అడ్వెంట్ (క్రిస్మస్‌కు సిద్ధపడే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారం నవంబరు 27, డిసెంబరు 3 మధ్య వస్తుంది. విదేశాలవి ఉంటే ముందే వేసేయండి. మిగతావి ఆరోజు మొదలుపెట్టి, ఇతర రాష్ట్రాలవి ముందుగా, రోజుకు 15 రాస్తే ఎనిమిది రోజుల్లో 120 అయినా అయిపోతాయి, చివరి కార్డులో కూడా చేతిరాత చేతిరాతలా ఉంటుంది.

ఆలస్యం మాటకొస్తే, సంఘ పంచాంగంలో క్రిస్మస్ కాలం జనవరి 6, ఎపిఫనీ (జ్ఞానులు బాలయేసును దర్శించిన పండగ) వరకు లెక్క. 26న వచ్చిన కార్డుకు 27న జవాబు వేయండి. ‘నూతన సంవత్సర శుభాకాంక్షలు’ అని కూడా ఉన్న కార్డులు పది విడిగా తీసి పెట్టుకుంటే, ఇలాంటప్పుడు అక్కరకొస్తాయి.