ఆ ఊరివాళ్లు చదివినా ఒప్పుకునేలా రాయండి

ప్రశ్న: నేను అమీర్‌పేటలో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తాను. సెలవు దొరికితే బండేసుకుని ఊళ్లు తిరగడం అలవాటు. ఫ్రెండ్‌తో కలిసి తెలుగులో ఒక ట్రావెల్ సైట్ పెడదామనుకుంటున్నాను. "తప్పక చూడాల్సిన పది ప్రదేశాలు" లాంటిది కాదు. వెళ్లిన చోట మనుషుల్ని, ఆచారాల్ని గౌరవిస్తూ నిదానంగా ఎలా తిరగాలో చెప్పేది. మొదట్లోనే వంద ప్రదేశాలు పెట్టకపోతే గూగుల్ పట్టించుకోదని ఫ్రెండ్ అంటాడు. తెలుగులో ఎవరు చదువుతారు, ఇంగ్లీషులో పెట్టండని ఇంకొందరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి మేడమ్?
- ఒక పాఠకుడు, బోరబండ

జవాబు: భాష సంగతి ముందు తేల్చేద్దాం. తెలుగులోనే పెట్టండి. భాషాభిమానంతో చెప్తున్న మాట కాదిది. పోచంపల్లి గురించి మీరు రాసింది పోచంపల్లిలో మగ్గం దిగి టీ తాగుతున్న మనిషి తన ఫోన్లో చదవగలగాలి, "మా గురించి ఇట్ల రాసినవేంది" అని మిమ్మల్ని నిలదీయగలగాలి. ఇంగ్లీషులో రాసేవాళ్లలో చాలామందికి ఆ భయం లేదు. ఎవరి గురించి రాస్తున్నారో వాళ్లు అది చదవరు కాబట్టి "అమాయక గిరిజనులు", "లోకం తెలియని పల్లె" అని ఎంత మాటైనా అనేస్తారు. మీ సైట్‌కి పునాది ఇదే కావాలని నా అభిప్రాయం: ఎవరి ఊరి గురించి రాశారో వాళ్లు చదివి సరే అనాలి. డొమైన్, హోస్టింగ్, డిజైన్ సంగతులు నాకంటే మీకే బాగా తెలుసు. ఇక డబ్బు గురించి టెన్షన్ ఉంటే, గూగుల్ యాడ్‌సెన్స్ 2018లోనే తెలుగు పేజీలకు వచ్చేసింది, తెలుగులో పెడితే ప్రకటనలు రావన్న మాట పాతబడింది.

వంద ప్రదేశాల మాట మాత్రం వినకండి. మొదటి రోజే వంద ఊళ్లు పెట్టాలంటే ఇంకెవరి సైట్ నుంచో ఎత్తి రాయడం తప్ప దారి లేదు. రామప్ప గుడినే తీసుకోండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇటుకలు నీళ్లలో తేలతాయి. ఈ మూడు ముక్కలూ ఎక్కడ చూసినా ఉన్నాయి, మీరూ రాస్తే కొత్తగా ఎవరికి లాభం? గుడి ఉన్నది పాలంపేటలో. ఆ ఊళ్లో అన్నం ఎక్కడ దొరుకుతుంది, పూజ జరుగుతున్నప్పుడు ఎక్కడ నిలబడాలి, ఫోన్ ఎప్పుడు జేబులో పెట్టుకోవాలి, స్తంభాల మీది శిల్పాలపై చెయ్యేసి ఫోటో దిగితే వచ్చే పోయే వాళ్లందరి చేతుల జిడ్డు పట్టి ఆ రాయి ఏమైపోతుంది, ఇవి రాయండి. వెళ్లేవాడికి పనికొచ్చేవి ఇవే.

నా మాట వింటే పొద్దున వెళ్లి రాత్రికి హైదరాబాద్ వచ్చేయగల నాలుగైదు చోట్లతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే ఒక్కో చోటికీ మళ్లీ మళ్లీ వెళ్లాలి, ఒక్కసారి వెళ్లి రాసింది మీ గురించే అవుతుంది గానీ ఊరి గురించి కాదు. పోచంపల్లి దాదాపు 50 కిలోమీటర్లు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డ ఊరు కూడా అదే. ఇది రెండు లైన్లలో చెప్పేసి పాఠకుణ్ని ఇంట్లోకి తీసుకెళ్లండి.

ఆసు పోయడం చూపించండి. ఒక చట్రానికి అర్ధచంద్రాకారంలో మేకులుంటాయి, ఒక్కో మేకుకీ దారం వేస్తూ చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి, ఒక్క చీరకి అలా వేల సార్లు. ఎక్కువగా ఆడవాళ్లే చేసే పని, భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం వాళ్లమ్మ పడే బాధ చూడలేకే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు తర్వాత చిటికి కట్టడం. రంగు అంటకూడని చోట దారానికి రబ్బరు పట్టీ బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరాక విప్పి, ఇంకో రంగు కోసం మళ్లీ ఇంకో చోట కడతారు. అంటే మగ్గం ఎక్కకముందే డిజైనంతా దారంలో ఉంటుంది, ఇలా నేసినదే ఇక్కత్. చూడ్డానికొచ్చినవాళ్లు "ఎంత బాగుందో" అంటూ మగ్గం మీద పరిచిన పడుగు దారాల మీద వేళ్లు పెట్టి కదిపితే దారాలు జరిగి పువ్వు అంచు చెదిరిపోతుంది. ఇలా కారణం చెప్పి ముట్టుకోవద్దని రాస్తే ఎవరైనా వింటారు. ఉత్త బోర్డు పెడితే వినరు.

పండగల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. అమ్మవారు పూనిన స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంటే ఎదురుగా అన్నీ ఎత్తిపట్టుకున్న ఫోన్లే. ఆ మాట కోసం ఏడాదంతా ఎదురుచూసిన ముసలమ్మ వెనకెక్కడో ఉంటుంది, ఆమెకి మన మోచేతులు తప్ప ఏమీ కనపడవు. "బోనాల్లో ఫోటోలకు మంచి స్పాట్లు" అనే వ్యాసం మీ సైట్లో ఎప్పటికీ రాకూడదని మనసారా కోరుకుంటున్నాను, దానికి ఎన్ని వ్యూస్ వచ్చేట్టున్నా సరే.

మొహర్రం సంగతీ అంతే. మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగ హిందువులూ చేస్తారు, పీర్లు ఎత్తుకుంటారు, అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడతారు. అది చూస్తూ పెరిగి నగరానికొచ్చినవాళ్లు పాతబస్తీలో కూడా అదే సందడి అనుకుని "మొహర్రం శుభాకాంక్షలు" అనేస్తుంటారు. కానీ పదో రోజు బీబీ కా అలావా నుంచి ఊరేగింపు బయల్దేరేది కర్బలాలో ఇమామ్ హుస్సేన్ మరణానికి దుఃఖంతో. షియాలకు అది శోకం. వెళ్లాలనుకున్నవాళ్లు ఆడంబరం లేని బట్టలు వేసుకుని పక్కన నిలబడాలి, గుండెలు బాదుకుంటున్నవాళ్ల మొహాలు క్లోజప్‌లో తీయకూడదు. బాద్‌షాహీ అషూర్‌ఖానాలో కులీ కుతుబ్‌షా కాలం నాటి రంగుల పలకలు చూడాలనుంటే మామూలు రోజుల్లో తీరిగ్గా వెళ్లమని రాయండి.

తర్వాతెప్పుడైనా ఆదిలాబాద్ వైపు వెళ్తారు గదా, అప్పుడు గోండుల కేస్లాపూర్ నాగోబా జాతర గురించి, దండారి పండగలో ఆడే గుస్సాడీ గురించి రాయాలనిపిస్తుంది. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ స్టేజీ డాన్సర్ కాదు, దీక్షలో ఉంటాడు, అది ముగిసేదాకా స్నానం కూడా చేయడు. అయ్యప్ప మాలలో ఉన్న స్వామి మెడ మీద చెయ్యేసి సెల్ఫీ దిగుతామా? అక్కడా దిగకూడదు. నాగోబా దగ్గర పూజ మెస్రం వంశం వాళ్లది, గోదావరి నీళ్లు కాలినడకన మోసుకొచ్చేదీ వాళ్లే, కాబట్టి ఏది బయటివాళ్లకు చెప్పొచ్చో ఏది వద్దో కూడా వాళ్లే చెప్పాలి.

రాయకూడనివీ ఉంటాయి. అడవిలో ఎవరికీ తెలియని చిన్న జలపాతం దొరికితే మ్యాప్‌లో గుర్తు పెట్టకండి, పెట్టాక వచ్చే బీరు సీసాలను ఏరేది మీరు కాదు. కుంతాల లాంటి అందరికీ తెలిసిన చోటైతే నీళ్లలోకి దిగొద్దని మొదటి లైన్లోనే రాయండి, అక్కడ ప్రాణాలు పోయాయి.

ప్రతి వ్యాసం పెట్టేముందు ఆ ఊళ్లో మీతో మాట్లాడిన మనిషికి వాట్సాప్‌లో పంపండి. చదవడం రాని వాళ్లయితే వాయిస్ మెసేజ్‌లో చదివి వినిపించండి. తీసేయమన్నది బతిమాలకుండా తీసేయండి. ఇలా చేస్తే నెలకు రెండు వ్యాసాలకు మించి రావు. రాకపోయినా ఫర్వాలేదు.

ప్రశ్న: మాది నేత కుటుంబం. పెళ్లయ్యాక ఎల్బీనగర్‌లో ఉంటున్నాను, అమ్మానాన్న ఊళ్లోనే నేస్తారు. శని, ఆదివారాలు వస్తే చాలు, చూడ్డానికొచ్చేవాళ్లు ఇల్లంతా తిరిగి, వీడియోలు తీసుకుని, "థాంక్యూ అంకుల్" అని వెళ్లిపోతారు. నాన్నకి పని ఆగిపోతుంది. వద్దనడానికి మొహమాటం.
- ఒక పాఠకురాలు

జవాబు: మొహమాటం మీ నాన్నగారికి ఉండటం సహజమేనమ్మా, ఇంటికొచ్చినవాణ్ని పొమ్మనలేని పెంపకం మనది. ఆ మంచితనాన్ని అవతలివాళ్లు వాడుకుంటున్నారన్నదే నా బాధ. నేతలో నేసినదానికే కూలి, మగ్గం ఆగిన గంటకి ఎవరూ ఇవ్వరు. అందుకే ఆ గంటకి వెల కట్టండి. గుమ్మం పక్కన ఒక చిన్న బోర్డు చాలు: మగ్గం చూపించే వేళలు ఫలానా, ఒక్కొక్కరికి ఇంత, వీడియో తీయాలంటే ముందు అడగాలి. నాన్నగారు నోరు తెరిచి డబ్బు అడగక్కర్లేదు, బోర్డే అడుగుతుంది. పక్కింటివాళ్లతో మాట్లాడుకుని అందరూ ఒకే రేటు పెడితే ఇంకా మంచిది, లేదంటే తక్కువ అడిగే ఇంటికి పోతారు.

వచ్చినవాళ్లకి ప్రింటు గుడ్డకీ ఇక్కత్‌కీ తేడా చూపించమనండి. నేసిన ఇక్కత్ తిరగేసినా రంగూ డిజైనూ అలాగే ఉంటాయి, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. ప్రింటు వెనకవైపు వెలవెలబోతుంది. ఈ ఒక్కటి తెలిసినవాడు తర్వాత మీ చీర దగ్గర బేరమాడడానికి తటపటాయిస్తాడు. పై ప్రశ్న పంపిన బోరబండ అబ్బాయికి కూడా చెప్తున్నాను: నేత ఊరి గురించి రాసేటప్పుడు మగ్గం చూసే రేటు కూడా వేయండి, బస్సు టికెట్ ధర వేసినట్టే.

ప్రశ్న: మాదీ చిన్న ట్రావెల్ సైటే. ఒక రిసార్ట్ వాళ్లు రెండు రోజులు ఉచితంగా ఉండి రాయమంటున్నారు. తీసుకోవచ్చా? జీఎస్టీ లాంటివి ఏమైనా కట్టాలా?
- కొంపల్లి నుంచి

జవాబు: తీసుకోవద్దనను, అందరి దగ్గరా డబ్బులుండవు. కానీ దాస్తే తప్పు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇచ్చిన సూచనల ప్రకారం డబ్బే కాదు, ఉచిత బస, ఉచిత ప్రయాణం కూడా పాఠకుడికి చెప్పి తీరాల్సినవే. ఆ రిసార్ట్ ఎవరి భూమి పక్కన ఉంది, అందులో ఆ ఊరివాళ్లకు పని ఇచ్చారా, చెత్త ఎటు పోస్తున్నారు అని కూడా అడగండి, అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర ఉచితంగా ఉండకపోవడమే నయం. జీఎస్టీ అంటారా, తెలంగాణలో సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి. మీరే టూర్ ప్యాకేజీలు అమ్మడం మొదలుపెడితే లెక్క వేరు, మొదటి బుకింగ్ తీసుకోకముందే సీఏని కలవండి. ఉచితంగా ఉన్నామన్న మాట మాత్రం వ్యాసం పైనే, ఫోటో కంటే ముందు, తెలుగులోనే వేయండి.